దొడ్డి కట్టిన పటాలం

దగ్గరికి జరగండి, ఆ ఫోన్లు పక్కన పెట్టి వినండి. ఇది యుద్ధం కథే గానీ, జరిగింది ఆత్మకూరులో, ఒక బల్ల మీద.

ఉదయగిరి శ్రీనివాసులు గొర్రెలు మేపే ఇంట పుట్టి, గరిటెలూ చెంచాలూ చెక్కడం నేర్చినవాడు. ఆత్మకూరులో మాగాణి ఉన్న పెంచలప్రసాదూ అతనూ హైస్కూల్లో ఒకే బెంచీ. ఆ పెంచలప్రసాదుకు ఒక పిచ్చి పట్టుకుంది. రెండు వందల ఏళ్ల కిందట నెపోలియన్ అనే ఫ్రాన్సు రాజు చేసిన యుద్ధాలను వేలెడంత సిపాయి బొమ్మలతో ఆడతారట, స్కేలుతో దూరం కొలిచి, పాచికలు వేసి. ఆ బొమ్మలను శ్రీనివాసులు చేత నర్ది చెక్కలో చెక్కించాడు. చెక్కగా చెక్కగా అతనికీ ఆట అంటుకుంది. రూల్సు పుస్తకం ఇంగ్లీషులో ఉండాది, అతనికి మింగుడుపడదు. అందుకని పెంచలప్రసాదు ఫోన్లో చెప్పేవాడు, ఇతను గుర్తు పెట్టుకునేవాడు.

కిటుకంతా పటాలం నిలబడే తీరులోనే ఉంది. అడ్డంగా వరస తీరితే తుపాకులన్నీ పేలతాయి. ఒకరి వెనక ఒకరు బారు కడితే త్వరగా నడుస్తుంది. గుర్రాలు మీద పడితే మాత్రం నాలుగు పక్కలా బయటికి మొహం పెట్టి చదరంగా నిలవాలి, అప్పుడే గుర్రం జంకుతుంది. ఆ మూడోది అర్థం కాక శ్రీనివాసులు మళ్లీ మళ్లీ అడిగితే, పెంచలప్రసాదు ఒక్క మాటలో తేల్చేశాడు.

"దొడ్డి రా. మీ నాయన గొర్రెలకు కట్టడంలా? అదే."

మొన్న వేసవిలో నెల్లూరు నుంచి నారాయణయ్య అనే పెద్దాయన వచ్చాడు, ఈ ఆటకు తీర్పు చెప్పే మనిషి. ఇద్దరిలో గెలిచినవాణ్ణి బెంగుళూరు పోటీకి తీసుకుపోతానన్నాడు. ఆ వారమంతా శ్రీనివాసులు గరిటె ముట్టలేదు. బొమ్మలు చేసేవాడని కాక, ఆడేవాడని ఒక్కసారి అనిపించుకోవాలని అతని ఆశ.

పొద్దున మొదలైన ఆట మధ్యాహ్నానికి అతని వైపు తిరిగింది. పెంచలప్రసాదు మిగిలిన గుర్రాలన్నిటినీ ఒక్కసారే ముందుకు తీశాడు. శ్రీనివాసులు నిదానంగా తన సిపాయిలను నాలుగు పక్కలా పేర్చి, ఒక మూల వేలు పట్టేంత సందు వదిలాడు. దొడ్డి అన్నాక అడ్డం పెట్టిన ముళ్లకంప జరిపే సందు ఉండొద్దా మరి? లేకుంటే లోపలి జీవాలు బయటికి వచ్చేదెట్లా?

పెంచలప్రసాదు ఆ సందు వంక చూసి కాసేపు ఆగాడు. ఆగి, గుర్రాలను అందులోంచే లోపలికి తోలాడు.

అట్లా కుదరదని శ్రీనివాసులు చెయ్యి అడ్డం పెట్టాడు. నారాయణయ్య పుస్తకం తిరగేసి, నాలుగు పక్కలూ మూసుకుంటేనే చదరమనీ, సందుంటే పటాలం చెదిరినట్టేననీ చెప్పాడు. సందు ఎందుకు వదిలావయ్యా అని మెల్లగానే అడిగాడు.

"దొడ్డికి సందుండాది గదా సార్. ఈడే చెప్పినాడు, దొడ్డి కట్టమని."

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. నారాయణయ్య నవ్వలేదు. అట్లా చెప్పిన మాట నిజమైతే తప్పు నేర్పినవాడిది, ఆ ఎత్తు వెనక్కి తీసుకుని ఆడండి అన్నాడు. అవునంటే చాలు. శ్రీనివాసులు స్నేహితుడి మొహమే చూస్తున్నాడు.

పెంచలప్రసాదు స్కేలు తుడుచుకుంటూ అన్నాడు. "నేనెందుకట్లా చెప్తాను సార్? చదరమనే చెప్పినాను. ఈడికి గొర్రెలు తప్ప ఏం కనపడతాయి."

ఆట అక్కడితో అయిపోయింది. బస్టాండు దాకా వెనకాలే వచ్చాడు పెంచలప్రసాదు, ఏమీ జరగనట్టు. బెంగుళూరుకు ఇంకో పటాలం కావాలి, పది రోజుల్లో చెక్కి పెట్టమన్నాడు.

"నాకెందుకులేరా," అన్నాడు శ్రీనివాసులు. "సిపాయిని చెక్కమంటావు. చెక్కినాక, గరిటె గదా చెప్పినానంటావు."

ఉదయగిరి బస్సెక్కాడు. ఆ తర్వాత సిపాయిని చెక్కలేదు, ఆత్మకూరు గడప తొక్కలేదు.

ఇప్పుడు ఆత్మకూరులో దీన్ని నవ్వుకోవడానికి చెప్పుకుంటారు, గొర్రెలోడు యుద్ధంలో దొడ్డి కట్టాడని. మీ చెవినా పడుతుంది. నవ్వొస్తే నవ్వండి, నేనూ మొదట నవ్వినదాన్నే. కానీ నాయనా, మీరు ఎక్కడైనా ఈ కథ చెబితే, దొడ్డి అన్న మాట ముందు ఎవరి నోట వచ్చిందో అది మాత్రం మరిచిపోకుండా చెప్పండి.