ఎడ్నా చివరి వీడ్కోళ్లు

ఎడ్నాకు ఎనభై మూడేళ్లు. అందులో ముప్పై ఏళ్లకు పైగా ఆమె చనిపోబోతూనే ఉంది. ఎవరు వెళ్తున్నా గుమ్మం దాకా వచ్చి, "ఇక మనం కలుసుకోం, జాగ్రత్త" అనేది. గ్యాస్ మీటరు చూసే మనిషికీ అదే వీడ్కోలు. పాపం, అతను మూడు నెలలకోసారి వచ్చేవాడు.

ముప్పై ఏళ్ల కిందట ఒక ఉదయం భర్త వాల్టర్ మిల్లుకి వెళ్తుంటే ఆమె పొయ్యి దగ్గర తలెత్తలేదు. సాయంత్రం అతను ప్రాణాలతో తిరిగి రాలేదు. అప్పట్నుంచి వీడ్కోలు చెప్పకుండా ఎవరినీ ఊరికే వెళ్లనివ్వలేదు.

ఇప్పుడు తుంటి విరిగింది. ఇక ముసలివాళ్లని చూసుకునే కేర్ హోమ్‌కి వెళ్లక తప్పదన్నారు. ఆ ఖర్చులో ఎంత ఎవరు భరించాలో తేల్చడానికి ఊరి కౌన్సిల్ నుంచి టర్టన్ అనే అతను వచ్చి, వంటింట్లో టీ తాగుతూ కాగితాలు తిరగేశాడు.

"నాలుగేళ్ల కిందట మీ అమ్మాయికి నలభై వేల పౌండ్లు ఇచ్చారు కదండీ?"

"ఇచ్చాను నాయనా. దాని దుకాణంలో చేపలు వేయించే పెద్ద పొయ్యి తుప్పు పట్టింది, కొత్తది కొనుక్కోమని."

"కేర్ ఖర్చు తప్పించుకోడానికే ఇచ్చుంటే, ఆ డబ్బు మీ దగ్గరే ఉన్నట్టు లెక్కేసి, ఖర్చు మీ మీదే వేస్తాం. ఇచ్చిన తేదీకి రుజువుందా?"

"ఉంది!" అంది కూతురు జానిస్ ఉత్సాహంగా. "ఇచ్చాక అమ్మ ఏడేళ్లు బతికితే దాని మీద వారసత్వ పన్ను ఉండదన్నారు. అందుకే చెక్కుతో వచ్చిన కార్డు భద్రంగా దాచాను."

టర్టన్ కార్డు పైకి చదివాడు. "కాళ్లు ఆడటం లేదు. రేపోమాపో నన్నెవరో ఒకరు చూసుకోవాల్సి వస్తుంది. ఈ డబ్బు ఉంచుకో. ఇక మనం కలుసుకోం. అమ్మ."

అతని పెన్ను ఆగింది. ఎడ్నా గుండె కూడా ఆగినంత పనైంది. డబ్బంతా పొయ్యిగా మారిపోయింది. వెనక్కి తేవాలంటే జానిస్ దుకాణం అమ్మాల్సిందే.

"కేర్ కావాల్సొస్తుందని మీరే రాశారు కదండీ..."

"అయ్యో, నేను తేదీ ఒక్కటే చూశాను! లోపల చదవలేదు!" అంది జానిస్.

"నా ఉత్తరం చదవలేదా?" అంది ఎడ్నా.

"ఏముంటుందో తెలుసు కదమ్మా! పుట్టినరోజుకి కూడా అదే రాస్తావు!"

తలుపు దగ్గర నిలబడి అంతా వింటున్న పక్కింటి విన్నీ, "ఉండవయ్యా, తొందరపడి రాసేయకు" అని వెళ్లి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. నిండా ఎడ్నా పంపిన కార్డులే.

"ఇది తొంభై ఒకటిలోది. 'కళ్లు పోతున్నాయి, వచ్చే క్రిస్మస్‌కి ఉండను.' ఆ తర్వాత ఇరవై తొమ్మిది క్రిస్మస్‌లకి ఇరవై తొమ్మిది కార్డులు. ఇదిగో, చెక్కు రాసిన వారంలోది. సముద్రం చూడ్డానికి విట్బీకి కారులో తీసుకెళ్లానని థాంక్స్ చెప్తూ, 'ఇదే నా చివరి ప్రయాణం' అంది. ఫోటో చూడు."

ఫోటోలో ఎడ్నా విట్బీ కొండెక్కే నూట తొంభై తొమ్మిది మెట్ల పైన, నిటారుగా నిలబడి ఐస్‌క్రీమ్ తింటోంది. మూడు మెట్లు కింద విన్నీ కూలబడి ఉంది.

టర్టన్ ఫోటోనీ ఎడ్నానీ మార్చి మార్చి చూసి నవ్వాపుకోలేకపోయాడు. "కాళ్లు ఆడటం లేదా! ఇవన్నీ నాకివ్వండి. పై ఆఫీసరు కూడా చూడాలి. మీకు ఇది ఉత్త అలవాటేనని రాస్తాను. ఇబ్బందేం ఉండదు."

అతను వెళ్తుంటే ఎడ్నా వాకర్ తోసుకుంటూ గుమ్మం దాకా వెళ్లింది. నోరు తెరిచింది. వెనక నుంచి జానిస్ ఆమె గౌను లాగింది.

"మళ్లీ రా నాయనా" అంది ఎడ్నా కష్టంగా.

తర్వాత జానిస్ కోటు వేసుకుంది. రాతలు ఇలా బయటపడతాయని తెలిశాక ఎడ్నా మాటలూ పొదుపుగా వాడాలనుకుంది. "సరే, గురువారం కనిపించు."

జానిస్ గేటు దాకా వెళ్లి, గబగబా వెనక్కొచ్చి తల్లి నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"అమ్మా, ఒంట్లో బాగానే ఉందా? ఆ మాట చెప్పకుండా పంపేస్తున్నావేంటి?"

"చెప్పనా?"

"చెప్పు. లేకపోతే నాకు భయంగా ఉంది."

ఎడ్నా గొంతు సవరించుకుంది. "ఇక మనం కలుసుకోం. జాగ్రత్త."

"హమ్మయ్య" అని జానిస్ బస్సుకి పరిగెత్తింది.