నాలో ఎక్కువైన అంగుళం

ఐదు మూలల రబ్బరు పలకను నేను. పుట్టినప్పుడు నల్లగా ఉండేదాన్ని, తర్వాత తెల్ల పెయింటు వేశారు, ఇప్పుడు రెండూ కాని రంగులో ఉన్నాను. మొదట బొగ్గు మోశాను. ఆ తర్వాత ఆడపిల్లల పరుగులు చూశాను. మధ్యలో ఎనిమిదేళ్ళు ఒక గ్రైండర్ కింద కూర్చుని ఇడ్లీ పిండి వాసన పీల్చాను. ఇన్ని ఉద్యోగాలు చేసిన రబ్బరు ముక్క మా జిల్లాలో ఇంకొకటి ఉండదు. కాస్త గర్వంగానే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి.

మాది ఎర్రగుట్ట, బొగ్గుగని కాలనీ. గనిలోంచి బొగ్గును పైకి మోసే పొడవాటి బెల్టులో నేనొక ముక్కను. ఆ బెల్టు అరిగిపోయి మూలన పడేసిన ఏడాదే, స్కూల్లో డ్రిల్లు మాస్టరు పోశం సార్ కాలనీ ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పుతానని బయల్దేరారు. అది బేస్‌బాల్‌కు చెల్లెలి వరసైన ఆట. బంతి విసిరే అమ్మాయిని పిచర్ అంటారు. ఆమె చెయ్యి కిందినుంచి తిప్పి బంతి వదులుతుంది. ఎదుటి జట్టు అమ్మాయి బ్యాటు పట్టుకుని నా పక్కన నిలబడుతుంది. నా వెనక క్యాచర్ గొంతుక్కూర్చుంటుంది. బంతి నా మీదుగా పోతే స్ట్రయిక్, నన్ను తప్పించి పోతే ఉత్త బాల్. మూడు స్ట్రయిక్‌లు పడితే బ్యాటు పట్టినమ్మాయి ఔటు. కొట్టగలిగితే మాత్రం మూడు మూలలూ చుట్టి పరుగెత్తుకొచ్చి నన్ను తాకాలి. అప్పుడు ఒక పరుగు. అంటే ఆటంతా నా వెడల్పు మీద నడుస్తుందన్నమాట. ఆ వెడల్పు పదిహేడు అంగుళాలు ఉండాలని రూలు. నేను పద్దెనిమిది అంగుళాలతో పుట్టాను. ఎందుకలా పుట్టానో చాలా ఏళ్ళు నాకే తెలియదు.

నన్ను కోసినవాడు కొమురయ్య. గనిలో తెగిన బెల్టులకు అతుకులు వేసేవాడు. కొలత రాసుకుని, ముందు అట్టముక్క మీద గీసి, ఆ అట్టను నా మీద పెట్టి వంకర కత్తితో ఒక్క ఊపున కోశాడు. అట్టను ఇంట్లో మేకుకు తగిలించాడు. తన పనితనం చూసుకుని వారం రోజులు మురిసిపోయాడు. మురిసిపోయే ముందు ఇంకోసారి కొలిచి చూసుకోవడం మనుషులకు అలవాటు లేదు.

కొమురయ్య కూతురు కళావతి జట్టుకు క్యాచర్. పక్క క్వార్టర్‌లో ఉండే ఓదెమ్మ పిచర్. ఇద్దరూ ఒకే ఈడు, ఒకే కంచంలో తినేవాళ్ళు. ఓదెమ్మ బంతి నా కుడి మూలను రాసుకుంటూ పోయేది. బ్యాటు అక్కడికి అందేది కాదు. ఆ రోజుల్లో చుట్టుపక్కల సాఫ్ట్‌బాల్ మైదానం మాదొక్కటే కాబట్టి టోర్నమెంట్లన్నీ నా మీదే జరిగేవి. ఓదెమ్మ పేరు పేపర్లో పడింది, ఫొటో సహా. ఆ మూలలో ఒక అంగుళం నా దానమని ఎవరికి తెలుసు?

మా జట్టుకు రెండు కట్టుబాట్లు ఉన్నాయి. జట్టులోకి ఎవరిని తీసుకోవాలన్నా అందరూ ఒప్పుకోవాలి, ఒక్కరు వద్దన్నా కుదరదు. రెండోది నాకు సంబంధించింది. మైదానంలో వదిలేస్తే చెప్పుల అడుగులకు ఎవరైనా ఎత్తుకుపోతారని, ఆట ముగిసేసరికి నన్ను చివరగా తాకిన అమ్మాయే నన్ను తవ్వి తీసుకెళ్ళి, కడిగి, మర్నాడు ఆరింటికి తేవాలి. అలా పన్నెండు ఇళ్ళ నీళ్ళు తాగాను.

ఒక సాయంత్రం వంతు ఓదెమ్మకు వచ్చింది. ఇంటికి వెళ్ళేసరికి ఫోను. దూరపు జిల్లాలో ఒక చెరుకు ఫ్యాక్టరీ ఆడవాళ్ళ జట్టు పెడుతోందట, ఉద్యోగం ఇస్తారట, పొద్దున్నే వచ్చి చేరాలట. ఇల్లంతా హడావిడి. ఆటల సంచిలోనే బట్టలు కుక్కారు. అడుగున నేనున్నానని ఎవరికీ గుర్తులేదు. తొలి బస్సుకే బయల్దేరాం. ఆరింటికి ఎర్రగుట్ట మైదానంలో పదకొండు మంది అమ్మాయిలు ఐదు మూలల గుంట చుట్టూ నిలబడి ఎదురుచూశారని తర్వాత విన్నాను.

"పోతే పోయింది, పోతున్ననని ఒక్క మాట చెప్పద్దా?" అందట కళావతి. "మా బాపు చేసిన ప్లేటు గూడ ఎత్కపోతదా?"

కొత్త ఊళ్ళో మొదటి మ్యాచ్‌లో ఓదెమ్మ తన పేరుమోసిన మూల బంతి వేసింది. అంపైర్ "బాల్" అన్నాడు. మళ్ళీ వేసింది. మళ్ళీ బాలే. ఏడు సార్లు వేసి ఏడుస్తూ ఇంటికొచ్చింది. నన్ను వంటగది గచ్చు మీద పడేసి, కుట్టుమిషను టేపు తెచ్చి కొలిచింది. పద్దెనిమిది. ఇంకోసారి కొలిచి, నవ్వడం మొదలుపెట్టింది. కత్తిమొన కాల్చి పదిహేడో అంగుళం దగ్గర నా ఒంటి మీద సన్నని గీత గీసింది. ఎక్కువైన ముక్కను మాత్రం కోయలేదు. "కొమురయ్య కాక చేసింది, కత్తి పెట్టబుద్ధి కాలే" అని భర్త సదానందంతో చెప్పడం విన్నాను. నన్ను పెరటి గోడకు ఆనించి, ఆ గీతకు లోపలగా బంతి వేయడం మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంది. సాధన లేనప్పుడు నన్ను గ్రైండర్ కింద పెట్టేవాళ్ళు. అది తిరిగేటప్పుడు వంటగదంతా నడిచేది, నేను కూర్చున్నాక బుద్ధిగా ఉండేది. నన్ను పార్సిల్ చేద్దామని రెండుసార్లు అట్టపెట్టె తెచ్చింది, ఉత్తరం రాసింది, చింపేసింది. తప్పు ఒక్కరోజు పాతబడితే చెప్పుకోవడం ఎంత కష్టమో ఆ ఇంట్లోనే చూశాను.

ఇక్కడ ఎర్రగుట్టలో కొమురయ్య మేకుకున్న అట్ట తీసి నాకొక చెల్లెల్ని కోశాడు. అదీ పద్దెనిమిదే. ఓదెమ్మ తర్వాత వచ్చిన పిచర్లు దాని మీదే నేర్చుకున్నారు. ఈలోగా వేరే ఊళ్ళలో మైదానాలు వచ్చాయి. మావాళ్ళు సొంత ఊళ్ళో పులులు, పొరుగూరికి వెళ్తే పిల్లులు. ఎనిమిదేళ్ళూ ఓడారు, ఎనిమిదేళ్ళూ అంపైర్లను తిట్టారు. కెప్టెన్ అయిన కళావతి అందరికంటే గట్టిగా తిట్టింది. కళ్ళకు ఆపరేషన్ చేయించుకొమ్మని ఒక అంపైర్‌కు సలహా ఇచ్చినందుకు ఆమెను ఒక మ్యాచ్ ఆడనివ్వలేదు కూడా.

ఈ ఏడాది చెరుకు ఫ్యాక్టరీ తన జట్టును ఎత్తేసింది. ఓదెమ్మ కుటుంబంతో ఎర్రగుట్టకు తిరిగొచ్చింది. ఇప్పుడామెకు ముప్ఫై నాలుగేళ్ళు. టోర్నమెంటుకు పేర్లు శనివారంలోగా పంపాలి. గురువారం సాయంత్రం సంచి భుజాన వేసుకుని మైదానానికి వచ్చింది. సంచిలో నేనున్నాను. జిప్పు సందులోంచి చూస్తున్నాను.

"సార్, నన్ను మళ్ళ తీస్కోండ్రి" అంది పోశం సార్‌తో. "ఏ నంబరైనా మంచిదే. బంతి పట్టక శానా దినాలయితంది. చెయ్యి ఊకుంటలేదు."

అమ్మాయిల్లో గుసగుసలు మొదలయ్యాయి. తీసుకుందామని కొందరు, ఈ వయసులోనా అని కొందరు. కళావతి ముఖం తిప్పుకుని గ్లవ్ తాడు బిగించుకుంటూ కూర్చుంది. ఇప్పటి పిచర్ మౌనికకు పంతొమ్మిదేళ్ళు. ఓదెమ్మ వస్తే పోయేది తన చోటే కాబట్టి, పాపం, గోళ్ళు కొరుక్కుంటోంది.

పోశం సార్ పరీక్ష పెట్టారు. ఇద్దరూ చెరి ఐదుగురికి బంతులు వెయ్యాలి. గుంటలో ఉన్నది నా చెల్లెలు కాబట్టి మౌనిక మూల బంతులకు ముగ్గురు ఔటయ్యారు. ఓదెమ్మ బంతులు అలవాటు ప్రకారం పదిహేడు అంగుళాల లోపలే పడ్డాయి. పద్దెనిమిది అంగుళాలకు చెయ్యి చాచడం అలవాటైన అమ్మాయిలకు అది వడ్డించిన విస్తరి. నలుగురు కొట్టారు. నాకు సంచిలో ఊపిరాడలేదు. నోరుంటే అరిచేదాన్ని.

"అందరు సూసిండ్రు గదా" అంది కళావతి. "నేనైతే వద్దంటున్న."

ఓదెమ్మ తల ఊపింది. సంచి తెరిచి నన్ను బయటికి తీసి కళావతి ముందు పెట్టింది. "గిది మీది. ఎనిమిదేండ్లు మా గ్రైండర్ కిందున్నది, ఆలస్యమైంది. ఏమనుకోకు." కళ్ళు తుడుచుకుని మౌనిక దగ్గరికి వెళ్ళింది. "బిడ్డా, నీ బంతి మస్తుంది. బయటి ఊళ్ళకు పోయినప్పుడు మాత్రం బొటనేలంత లోపలికెయ్యి."

"ఎందుకక్కా? సార్ స్ట్రయికే అన్నడు గదా?"

"ఎయ్యి, అంతే."

మౌనిక ఊరుకునే రకం కాదు. వంగి నన్ను చూసింది. "మరి దీని మీద గీ గీత ఏంది?"

 మైదానం అంచున ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ముసలి కొమురయ్య వైపు ఒక్కసారి చూసి ఓదెమ్మ తల దించుకుంది. ఆ చూపు కొమురయ్య పట్టుకున్నాడు. కర్ర ఊతంతో లేచొచ్చి, నన్ను ఒళ్ళో పెట్టుకుని గీత మీద బొటనవేలు నడిపాడు. ముప్ఫై ఏళ్ళు బెల్టులు కోసినవాడికి గీత అంటే కొలత అని ఎవరూ చెప్పక్కర్లేదు.

"టేపు తెండ్రి" అన్నాడు. కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. "సార్, నువ్వు నాకు పద్దెనిమిదని చెప్పినవా లేదా?"

"చెప్పిన" అన్నారు పోశం సార్. "నీ టేపుకు మొదటి ఇంచు తెగిపోయింది గదా కొమురయ్యా. పదిహేడు రావాలంటే పద్దెనిమిది కాడ గీయాలె. నీకెందుకు తిప్పలని నేనే కలిపి చెప్పిన."

"టేపు తెగిందని నాకు తెల్వదా? నాదే గద టేపు!" కొమురయ్య నోరు తెరిచాడు. "నువ్వు పద్దెనిమిదంటివి, తెగిన ఇంచు నేను గూడ కలిపి పంతొమ్మిది కాడ గీస్తిని!"

ఇదీ నా జన్మరహస్యం. ఒకరి లోపాన్ని ఒకరు చెప్పకుండా సర్దుదామనుకున్న ఇద్దరు మర్యాదస్తుల బిడ్డను నేను. పెద్దవాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు పోశం సార్ భుజాలు కదిలాయి. తర్వాత కొమురయ్య దగ్గు వచ్చేదాకా నవ్వాడు. అమ్మాయిలందరూ పొట్టలు పట్టుకున్నారు.

నవ్వనిది కళావతి ఒక్కతే. "నీకు ఎనిమిదేండ్ల సంది తెలుసు" అంది ఓదెమ్మతో. "మేం ఓడుతుంటె సూసుకుంట ఉన్నవా?"

"తప్పే" అంది ఓదెమ్మ. "రెండుమాట్ల ఉత్తరం రాసిన. చెప్పకుంట పోయినదాన్ని, ఇగ కాక చేసిందాంట్ల తప్పున్నదని ఏ మొఖం పెట్టుకొని రాయాలె?"

"ఇయ్యాల గూడ చెప్పకపోతుంటివి గదనే."

"కాక కూసున్నడు గద."

కళావతి ముఖానికున్న క్యాచర్ తొడుగు పైకి నెట్టి, అక్కడే మట్టిలో కూలబడింది. "అయ్యో, ఎంతమంది అంపైర్లను తిట్టిన నేను!" అని తలపట్టుకుంది. ఆ మాటతో ఏడుపూ నవ్వూ కలిసి ఒక్కసారే వచ్చాయి.

కొమురయ్య ఇంటినుంచి వంకర కత్తి తెప్పించాడు.  గీత వెంట ఒక్క ఊపున కోశాడు. నొప్పేమీ అనిపించలేదు, ఏళ్ళనాటి సిగ్గు పోయినట్టు ఒళ్ళు తేలికైంది. నా చెల్లెల్ని తీసి, నన్ను గుంటలో పెట్టి పరీక్ష మళ్ళీ జరిపారు. ఈసారి మౌనిక మూల బంతులు బాల్ అయ్యాయి. ఓదెమ్మ బంతులు నా అంచును రాసుకుంటూ కళావతి గ్లవ్‌లో పడ్డాయి. కళావతి గ్లవ్ కదపాల్సిన పనే రాలేదు. ఆ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో!

మొదట చెయ్యెత్తింది మౌనిక. "అక్క ఉంటె నేను నేర్సుకుంట" అంది. తర్వాత ఒక్కొక్కరే ఎత్తారు. కళావతి చివరిదాకా ఆగి, మట్టి చెయ్యి మోకాలి తొడుగులకు తుడుచుకుని, తనూ ఎత్తింది.

టోర్నమెంటు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మౌనిక మొదటి ఐదు ఇన్నింగ్సులు వేసింది, ఓదెమ్మ చివరి రెండూ. సెమీఫైనల్లో ఓదెమ్మ మూల బంతికి అంపైర్ "స్ట్రయిక్" అని అరిచి, కళావతి తొడుగు తియ్యడం చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె చేతులు జోడించి "నమస్తే సార్" అంది. ఆయనకు ఇప్పటికీ అర్థమై ఉండదు. కప్పు మాదే.

కానీ నాకు కప్పుకంటే ఆ గురువారమే ఇష్టం. చెయ్యెత్తడాలు అయ్యాక, పొద్దు వాలేదాకా సరదాగా ఒక ఆట ఆడారు. మూడు మూలలూ చుట్టి ఆయాసపడుతూ వచ్చి నన్ను చివరగా తాకింది ఓదెమ్మ.  వంతు ఎవరిదో అందరికీ తెలుసు. ఓదెమ్మ నా వైపు చెయ్యి చాచలేక నిలబడింది. కళావతి వంగి నన్ను తవ్వి, అరచేత్తో మట్టి దులిపి, ఓదెమ్మ సంచిలో పెట్టి జిప్పు లాగింది. కోసిన రబ్బరు పట్టీని కూడా అందులో పడేసి, "గ్రైండర్‌కు గిది సాలు" అంది. "ఆరింటికి తేవాలె. మళ్ళ బస్సెక్కకు."

ఐదున్నరకే వెళ్ళాం. అప్పటికే గుంట పక్కన ఒకామె కూర్చుని ఉంది.

"ఎప్పుడచ్చినవే కళా?"

"ఇప్పుడే" అంది కళావతి. ఫ్లాస్కులో చాయ్ అప్పటికే సగం అయిపోయింది. మిగిలిన సగం మూతలో పోసి ఓదెమ్మకు ఇచ్చింది.

ఇద్దరూ కలిసి నన్ను గుంటలో పెట్టారు. పాత గుంట కదా, కుడివైపు ఒక అంగుళం వదులుగా ఉంది. ఓదెమ్మ దోసిలితో మట్టి పోసింది, కళావతి మడమతో తొక్కింది. నేను కదలకుండా కూర్చున్నాను.