లేచిన పిట్ట మీద గురి

నేను ఒక ఒంటిగొట్టం తుపాకిని. మూతిలో మందు పోసి, సీసపు రవ్వలు వేసి, కడ్డీతో దట్టించి పేల్చే పాతరకం. ఒకసారి పేలినానంటే మళ్ళీ నింపేదాకా ఉత్త ఇనప గొట్టాన్ని. ఇప్పుడు పోలీస్ స్టేషన్ మూల గదిలో, తుప్పు పట్టిన సైకిళ్ళ పక్కన ఉన్నాను. మెడకు చీటీ కట్టినారు. దాని మీది సిరా ఎప్పుడో వెలిసిపోయింది.

నన్ను చేసింది ఒక కమ్మరి. పని అయినాక ఒక కన్ను మూసి గొట్టంలోంచి ఎండను చూసి, "సక్కగుంది" అన్నాడు. ఆయన అన్నది గొట్టాన్ని. కొన్నవాళ్ళు అది నా గుణమనుకున్నారు.

మొదట ఒక రెడ్డి ఇంట్లో గోడకు వేలాడినాను. వచ్చినవాళ్ళు చూసి భయపడాలని ఆయన కోరిక. వాళ్ళు నన్ను చూసి, కాఫీ తాగి పోయేవాళ్ళు. ఆయన పోయినాక కొడుకులు నన్ను దూదేకుల నబీసాబుకు అమ్మినారు. పందులు జొన్న చేనును పాడు చేస్తున్నాయని చెప్పి అతను లైసెన్సు తెచ్చుకున్నాడు. పందుల మీద పేలింది తక్కువ.

ఆ ఊరి చేల అవతల అంతా గడ్డి బీడు. అందులో బట్టమేక పిట్టలు తిరిగేవి. మనిషి నడుమెత్తు పిట్ట. మేకంత బరువు. మనిషిని ఎంత దూరం నుంచయినా కనిపెట్టి, పరుగు లేకుండా పెద్దమనిషి లాగా నడిచి వెళ్ళిపోయేది. ఎద్దుల బండికి మాత్రం బెదరదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నది గదా.

అందుకని బండితోనే వేట. నబీసాబు బామ్మర్ది దస్తగిరి బండి తోలేవాడు. నబీసాబు భార్య ఫక్కీరమ్మకు తమ్ముడు. తల్లి లేకపోతే అక్కే పెంచింది. బండి పిట్ట చుట్టూ తిరిగేది, ఒక్కో చుట్టుకూ కొంచెం దగ్గరగా. నబీసాబు చక్రం చాటున నడుస్తూ, అదను చూసి గడ్డిలో కూలబడేవాడు. బండి ఆగకూడదు. ఆగితే పిట్టకు అనుమానం. అది ముందుకు పోతుంటే పిట్ట కళ్ళు దాని వెంటే పోయేవి. అప్పుడు నేను మెడ మీదికి పేలేదాన్ని.

గడ్డిలో కూలబడినవాడికి బండి కనపడదు. అందుకే దస్తగిరి నోరు మూయకూడదని వాళ్ళ కట్టుబాటు. మాట వినపడిన దిక్కుకు నా మూతి తిరగదు. ఎద్దుల మెడలో గంటలు కూడా వాడే తీసేసినాడు, "నా నోరు సాలదా?" అని. నిజంగానే చాలేది. ఎద్దులను తిట్టేవాడు, పిట్టను పొగిడేవాడు. "ఓ బావా, నీ మీసం జూసి అది సిగ్గుపడతాంది, తొందరగా కొట్టు!" అని గడ్డివైపు అరిచేవాడు.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. నిలబడిన పిట్టనే కొట్టాలి. రెక్కలు విప్పిందంటే నన్ను దించేయాలి. ఒకసారి నబీసాబు ఆశకొద్దీ లేచినదాన్ని కొట్టినాడు. రవ్వలు పొట్టలోనూ కాళ్ళలోనూ దిగినాయి. కాళ్ళు వేలాడేసుకుని అది అట్లాగే ఎగిరిపోయింది. తర్వాత రేగుపొదలో దస్తగిరికి కనపడింది. ప్రాణం ఉంది, కళ్ళలో చీమలు ఉన్నాయి. వాడు దాని బాధ తీర్చి, ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. "ఇంక లేసినదాన్ని కొట్టొద్దు బావా" అన్నాడు. నబీసాబు సరేనన్నాడు.

కొన్నాళ్ళకు టీ అంగడి దగ్గర సుంకిరెడ్డి ఈ కట్టుబాటు మాట అందుకున్నాడు. పట్నం దొరల వేట చూసి వచ్చినవాడు.

"నిలబడుకున్న కోడిని మా ముసిల్ది కూడా కొడతాది నబీ, అలుకు గుడ్డతో."

అందరూ నవ్వినారు.

"దొరలు ముందు పిట్టను లేపుతారబ్బీ. దానికీ ఒక అవకాశం ఇయ్యాల గదా. ఎగిరేదాన్ని కొట్టేదే మగతనం, ధర్మం."

చచ్చే పిట్టకు ఏది ధర్మమో మనుషులు టీ తాగుతూ తేల్చుకుంటారు. నబీసాబు ఇంటికి వచ్చి నన్ను నూనె గుడ్డతో తుడిచినాడు. అంత గట్టిగా ఎప్పుడూ తుడవలేదు.

"ఈసారి లేపి కొడతా" అన్నాడు.

"అట్లయితే బండి నువ్వే తోలుకో" అన్నాడు దస్తగిరి.

"నా ఇంట్లో తిని నాకే నీతులా?"

ఆ మాటతో దస్తగిరి లేచిపోయి పశువుల కొట్టంలో పడుకున్నాడు. ఇద్దరికీ మాటలు ఆగిపోయినాయి. ఊరంతా చూసింది. ఫక్కీరమ్మ ఓర్చుకోలేకపోయింది. "ఇద్దరూ బీటికి పోయి రాండి. మాటలు అవే వస్తాయి" అని ఇద్దరి రొట్టెలూ ఒకే గుడ్డలో మూట కట్టింది, విడివిడిగా తినకుండా. అక్క మాట కాదనలేక దస్తగిరి బండి కట్టినాడు. నోరు మాత్రం విప్పలేదు.

మంచు విడుతున్నది. జొన్న చేను కంకి మీద ఉంది. ఇరుసుకు ఆముదం పెట్టి ఉంది, నేల మెత్తన. చక్రం చప్పుడు కూడా లేదు. పిట్ట ఒంటరిగా, చేనుకు ఇవతల మేస్తున్నది. నబీసాబు గడ్డిలో కూలబడినాడు. బండి ముందుకు పోయింది, చేను చుట్టి అవతలికి. పిట్ట తల ఎత్తి నిలబడింది. మెడ తిన్నగా నా ముందు ఉంది. అప్పుడు పేలి ఉంటే సరిపోయేది.

నబీసాబు మట్టిపెడ్డ తీసి విసిరినాడు.

పిట్ట నాలుగడుగులు పరిగెత్తి లేచింది. బరువైన పిట్ట, ఎత్తుకు పోలేదు. కంకుల మీదుగా తక్కువలో పోయింది. నేను దాని వెంట తిరిగినాను. నబీసాబు ఒక్క క్షణం చెవి పెట్టినాడు. ఏ దిక్కునా మాట లేదు. అయినా నొక్కినాడు.

పిట్ట కాళ్ళు వేలాడేసుకుని పోయింది. పొగ విడినాక చేను అవతల నుంచి బండి వచ్చింది. ఎద్దులు అలవాటు కొద్దీ చుట్టు పూర్తి చేసి, నబీసాబు ముందుకు వచ్చి నిలబడినాయి. దస్తగిరి నొగల మీద వాలి ఉన్నాడు. పగ్గాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి. గొంతు కింద నెత్తురు. పిలిస్తే పలకలేదు. ఊరు చేరేలోపు ప్రాణం పోయింది.

నబీసాబును స్టేషన్లో కూర్చోబెట్టినారు. నన్ను బల్ల మీద పెట్టినారు. సాక్ష్యమన్నారు, ఒక్క మాటా అడగలేదు. సుంకిరెడ్డిని అడిగితే "వాళ్ళిద్దరికీ మాటల్లేవు సార్, అందరికీ తెలుసు" అన్నాడు. టీ అంగడి సంగతి చెప్పలేదు. కావాలనే కాల్చినాడని ఊరు అప్పటికే అనేసింది.

ఫక్కీరమ్మను పిలిపించినారు. నా పక్కనే నిలబడింది.

"మీ ఆయనకూ మీ తమ్ముడికీ పడదంట. నిజమేనా అమ్మా?" అని అడిగినాడు ఎస్సై. "ఆ పొద్దు బండి కట్టేటప్పుడు మాట్లాడుకున్నారా? ఆలోచించి చెప్పు."

ఆమె బయటికి చూసింది. వరండాలో నబీసాబు మోకాళ్ళలో తల పెట్టుకుని ఉన్నాడు.

"నవ్వుకుంటా పోయినారు సార్" అంది. "నేను సూసినా."

ఎస్సై రాసుకున్నాడు. ఆమె వేలిముద్ర వేసింది. కొన్నాళ్ళకు అది ప్రమాదమని తేల్చి నబీసాబును వదిలేసినారు. ఆ రోజు ఆమె వచ్చి వరండా మెట్ల దగ్గర నిలబడింది. అతను దగ్గరికి పోయినాడు.

"నన్ను కాపాడినావే" అన్నాడు.

"నీకోసం గాదు. నీ మీద పగతో పోయినాడని వాని పేరున రాసుకుంటారని సెప్పినా. నా తమ్మునికి నీ మీద పగ లేదు. పిట్ట మీద జాలి, అంతే."

ఆమె ముందు నడిచింది. అతను వెనక, బాగా దూరంగా. ఇద్దరూ నన్ను తిరిగి ఇమ్మని అడగలేదు. ఒక ఇంటికే పోయినారో, రెండు దారుల్లో పోయినారో నాకు తెలియదు. ఈ గది కిటికీ గేటు వరకే చూపిస్తుంది.