పుల్లయ్య మేస్త్రి నోరు

హఫీజ్‌పేట్ రైలు పట్టాల పక్క సందులో ఉన్న ఆ కర్రపని కార్ఖానాలో ఇన్నేళ్లుగా ఎవరి వేలూ తెగలేదంటే అది పుల్లయ్య మేస్త్రి నోటి చలవే. మిషన్లకు రేకు కవర్లున్నాయి, గోడకు జాగ్రత్తల బోర్డు ఉంది, కాదనడానికి లేదు. కానీ తొందరలో ఆ కవర్లు విప్పి అవతల పారేసేవాళ్లను ఆపింది మాత్రం ఆయన తిట్లే. చేతికి కడియం కనిపిస్తే తిట్టు. చొక్కా చేతులు వదులుగా వేలాడితే తిట్టు. తువ్వాలు భుజాన వేసుకుని మిషన్ ముందుకు వచ్చినవాడికైతే ఏడు తరాలనూ కలిపి తిట్టు. ఎవరూ నొచ్చుకునేవారు కాదు, నవ్వుకుంటూ తీసి మేకుకు తగిలించేవారు.

అట్లాంటి చోట, కార్తీకమాసంలో శ్రీను అయ్యప్ప మాల వేసుకున్నాడు. డ్రిల్లింగ్ మిషన్ మీద పనిచేసే నెమ్మదైన మనిషి, ముప్పయ్యేళ్లుంటాయి. నల్లబట్టలు, ఒట్టి కాళ్లు, భుజం మీద నల్ల కండువా. మాల వేసుకున్నాక అతను శ్రీను కాడు, స్వామి. కన్నతల్లి రత్నమ్మే కాళ్లకు మొక్కి స్వామీ అని పిలుస్తోంది.

మొదటి రోజు పుల్లయ్య అలవాటు కొద్దీ అరిచాడు.

"ఒరేయ్ శ్రీనుగా, ఆ గుడ్డ తీసి పక్కకు పెట్టురా!"

అందరూ చేతిలో పని ఆపి ఇటు తిరిగారు. పాలిష్ పట్టే మహేందర్ నాలుక కరుచుకున్నాడు. "స్వామిని గట్లనొద్దు మేస్త్రీ, పాపం తాకుతది."

పుల్లయ్య గబగబా వచ్చి, తన కొడుకు వయసువాడి కాళ్ల మీదికి వంగి తప్పైందని దండం పెట్టాడు. "అయ్యో, ఏంది మేస్త్రీ ఇది" అంటూ శ్రీను వెనక్కి జరిగాడు. ఆ గందరగోళంలో కండువా సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఆ రోజుతో ఆ నోరు మూతపడింది. మెత్తగా చెప్పడం పుల్లయ్యకు పుట్టుకతోనే రాదు. వచ్చిందల్లా తిట్టడం, స్వామిని తిట్టకూడదు. మిషన్ దగ్గర కండువా పక్కన పెడితే దీక్షకు ఏ లోటూ రాదని ఆయనకు బాగా తెలుసు, తనూ రెండుసార్లు మాల వేసినవాడే. అయినా రేపు చెబుదాం, గురుస్వామి చేత చెప్పిద్దాం అనుకుంటూ వచ్చాడు. పక్కనుంచి వెళ్లినప్పుడల్లా "జర పైలం స్వామీ" అనేవాడు. ఎంత మర్యాదో! ఆ మర్యాద మంటగలవ.

హైటెక్ సిటీలో ఎవరిదో కొత్త ఆఫీసుకు బల్లలు చేస్తున్నారు. ప్రతి బల్లకూ కంప్యూటర్ వైర్లు దిగడానికి గుండ్రటి రంధ్రం వేయాలి. ఆ మధ్యాహ్నం శ్రీను పెన్సిల్ గుర్తు సరిగా కనబడక ముందుకు వంగాడు. కండువా కొస జారి, తిరుగుతున్న బిట్టుకు చుట్టుకుంది. అలాంటప్పుడు ఎవరైనా చేసేదే అతనూ చేశాడు, లాక్కుందామని చేత్తో పట్టుకున్నాడు. గుడ్డతో పాటు చెయ్యీ లోపలికి పోయింది. పుల్లయ్య పరుగున వెళ్లి స్విచ్ ఆపాడు గానీ అప్పటికే తెల్లటి బల్ల సగం ఎర్రబడింది.

దవాఖానలో డాక్టరు బయటికి వచ్చి, కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేయక తప్పదని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. శ్రీను భార్య జ్యోతి ఏదో ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది, ఆ యూనిఫాంతోనే వచ్చి వరండాలో గోడకు ఆనుకుని కూలబడింది. రత్నమ్మ ఆమె మీద విరుచుకుపడింది.

"ఏం అంటుముట్టు చేసినవే? నీ వల్లనే స్వామికి గిట్లయింది. దేవుడు ఊకుంటడా?"

జ్యోతి చాలాసేపు ఆలోచించింది. పిచ్చిపిల్ల, నిజంగానే తన తప్పు కోసం వెతుక్కుంది. "మొన్న నీళ్ల ట్యాంకర్ రాలే అత్తమ్మా. తానం చేయకుండనే వండిన" అని, పుల్లయ్య వైపు తలెత్తింది. "గందుకేనా మేస్త్రి సాబ్?"

పుల్లయ్య ఊ అననక్కర్లేదు. ఊరుకుంటే చాలు, అందరూ దేవుడి మీదా ఈ పిల్ల మీదా నెట్టేస్తారు. ఊరుకోవడం ఈమధ్య బాగానే అలవాటైంది కూడా. కానీ ఆ మొహం చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు.

"కాదు బిడ్డా. కండువా డ్రిల్లుకు చుట్టుకున్నది. తీయమని నేను చెప్పాలె. చెప్పలే."

రత్నమ్మ చెయ్యి విసిరింది. "నువ్వు పెద్దమనిషివి, దీని మీద జాలితోని గట్లంటున్నవ్. కండువా ఉత్తగనే చుట్టుకుంటదా? తప్పు దీనిదే." కోడలి వైపు తిరిగింది. "లే. ఆ నల్లా కాడ నెత్తి మీద నీళ్లు పోసుకొని రా. మైల ఒంటితోని స్వామి ముందరికి పోకు."

జ్యోతి లేచింది. కళ్లు తుడుచుకుని నల్లా వైపు నడిచింది.

అప్పుడు పుల్లయ్య గొంతు పగిలేలా అరిచాడు.

"ఏయ్ ముసల్దానా, నోరు మూయ్! దేవునికి వేరే పని లేదా? గుడ్డ ఏలాడేసుకొని మిషన్ కాడికి పోతే ఎవని చెయ్యైనా పోతది! రోజూ చూసిన నేను! కండ్లార చూసి ఊకున్న! నా వల్లనే పోయింది, ఈ పిల్ల వల్ల కాదు!"

వరండా అంతా అదిరిపోయింది. నర్సు తలుపు తీసి తొంగిచూసింది. రత్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని బెంచీ మీద కూర్చుండిపోయింది.

జ్యోతి నల్లా దగ్గర ఆగి, ఆయన్ను ఎన్నడూ చూడనట్టు చూసింది.

"గింత గొంతున్నదా మేస్త్రి సాబ్ నీకు?" అంది. "ఒక్కపారి మా ఆయన మీద గిట్ల ఒర్రకపోతివి."