ఆమేన్ అనేదాకా

నూనె ఎక్కువైతే జడ జారుతుందని కొండమ్మ ఆ పొద్దున నూనె గిన్నెను దగ్గరికే రానివ్వలేదు. హాస్టల్ వరండాలో పిల్లలు ఒకరి వెనక ఒకరు కూచున్నారు. ఒక్కొక్కరి జుట్టునూ చేతికి చుట్టుకుని, గట్టిగా లాగి అల్లుతోంది. అబ్బా అన్న పిల్లకు నెత్తిన చిన్నగా ఒక్కటి వేసి మళ్ళీ లాగుతోంది. యాభై దాటిన మనిషి. పొట్టి, వెడల్పాటి పాదాలు. పొయ్యి సెగకు వేళ్ళ కొసలు మొద్దుబారి, వేడి గిన్నెను గుడ్డ లేకుండానే దించుతుంది. కట్టేది ఎప్పుడూ తెల్లచీరే.

నంద్యాలలోని ఆ మిషన్ ఆడపిల్లల హాస్టల్లో ఆమె ఆయా. ఒక ఎండాకాలం వంటకు సాయంగా ఉండమంటే వచ్చింది. లారీల మీద పోయే భర్త డోన్‌లో ఇంకో సంసారం పెట్టుకున్నాడని తెలిశాక, సొంతూరు బండి ఆత్మకూరుకు తిరిగి పోబుద్ధి కాలేదు. ముప్పై ఏళ్ళు అట్లాగే గడిచిపోయాయి. వార్డెన్లు మారారు, పెంకులు పోయి స్లాబు పడింది, కొండమ్మ మాత్రం ఉంది. ఉందని ఎవరూ పట్టించుకున్నదీ లేదు. గోడకున్న మేకును ఎవరు చూస్తారు, చొక్కా తగిలించేటప్పుడు తప్ప?

ఆమె పిల్లలకు నేర్పిన విద్య ఒక్కటే, ప్రార్థన. ఎవరైనా సరే, ఎక్కడైనా సరే, మోకరించి కళ్ళు మూశారంటే పిల్లలు ఉన్నచోటనే ఆగి, చున్నీ తలమీదికి లాక్కుని, కళ్ళు మూసుకోవాలి. ఆమేన్ వినపడేదాకా కదలకూడదు. బకెట్ నిండి పొర్లిపోతున్నా అంతే. ఒకసారి ఎవరో పాస్టరుగారు వచ్చి పెద్ద ప్రార్థన ఎత్తుకుంటే పొయ్యి మీద పప్పు అడుగంటింది. ఆ పూట హాస్టలంతా మాడు పప్పే తిన్నారు. కొండమ్మ మాత్రం గర్వంగా వడ్డించింది.

ఆ వానాకాలం అమెరికా నుంచి ఒక చర్చి వాళ్ళు ఫుట్‌బాళ్ళు పట్టుకుని దిగారు. ఊరూరా పిల్లలకు ఆట నేర్పడం, ఆట మధ్యలో నాలుగు మంచి మాటలు చెప్పడం వాళ్ళ పని. మగపిల్లల కోసమే అనుకున్నారు అందరూ. కానీ వాళ్ళలో జెస్సికా అనే అమ్మాయి సాయంత్రాలు హాస్టల్ ఆవరణలోకి బంతి తెచ్చింది. మొదట కొండమ్మ కసిరింది. తర్వాత ఒకరోజు ప్రసన్న గొంతు వింది. తల్లి పోయాక హాస్టల్లో చేరిన ఆ పిల్ల అడిగితే తప్ప మాట్లాడదు, అదీ గొణుగుడే. అలాంటిది గోలు ముందు నిలబడి, "నాకు ఇడ్సండే, నేను పట్టుకుంటా" అని కేకలేస్తోంది. కొండమ్మ చేటలో బియ్యం వదిలేసి వచ్చి గడప మీద నిలబడిపోయింది. పిల్లల నోరు మూయించడమే తన కొలువు అనుకుని ఇన్నేళ్ళు బతికింది. వాళ్ళు అరిస్తే ఇంత బాగుంటుందని ఆమెకు తెలియదు.

ఆళ్ళగడ్డ అమ్మాయిలతో ఆట ఈ రోజే. జడలు పూర్తి కాకముందే వార్డెన్ షాలిని ఫోన్ పట్టుకుని వచ్చింది. ఆళ్ళగడ్డ సంఘపెద్ద ప్రభుదాసుగారు చేశారట. ఆడపిల్లలు నలుగురిలో ఎగరడం బాగుండదు, మగపిల్లల ఆటతో సరిపెడదాం అన్నారట. ఆయన హాస్టల్ కమిటీలో కూడా పెద్ద. అమెరికా వాళ్ళు మర్నాడు వెళ్ళిపోతున్నారు కాబట్టి ఇంకో రోజంటూ లేదు. షాలిని కొత్తగా చేరిన చిన్నపిల్ల. పెద్దలతో పేచీ ఎందుకు, ఆపేద్దాం అంది.

కొండమ్మ జడ చివర ముడి బిగించింది. "నేను పిల్చుకపోతా మేడం. ఆయప్పతో నేను మాట్లాడ్తా."

ఆళ్ళగడ్డ మైదానం ముందురోజు వానకు నల్లమట్టి ముద్దగా ఉంది. ప్రభుదాసు గొడుగు కింద కుర్చీలో కూచున్నాడు. కొండమ్మ పిల్లల్ని వ్యానులోనే ఉంచి నేరుగా ఆయన దగ్గరికి నడిచింది. పిల్లలు నిండుగా చుడీదార్లే వేసుకున్నారని, చున్నీలు నడుముకు కట్టుకున్నారని, గీత పక్కన తానే నిలబడి ఉంటానని చెప్పింది. ఆయన ఆమె పాదాలకేసి చూశాడు.

"రేపు ఎవరన్నా ఒక మాట అంటే ఎవరిది భారం?"

"నాదే అయ్యా."

"నీ ఉద్యోగం పోతాది కొండమ్మా."

"తెలుసయ్యా. పిల్లోల్లను దింపమంటారా?"

ఆయన సరే అన్నట్టు చెయ్యి విసిరాడు.

ఆళ్ళగడ్డ జట్టులో ఒకరు తక్కువైతే జెస్సికా ఆ పక్క చేరింది. అమెరికా జట్టు పెద్ద స్టీఫెన్ ఈల వేశాడు. పిల్లలు బురదలో జారుతూ, లేస్తూ బాగానే ఆడారు. ఇంతలో జెస్సికా తన్నిన బంతి గోలుకు పాతిన వెదురు గడకు తగిలి వెనక్కి వచ్చింది. అందిన గోలు పోయిందని ఆమె మోకాళ్ళ మీద కూలబడి, కళ్ళు మూసి, ముఖం ఆకాశానికి ఎత్తింది. అంతే. హాస్టల్ పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. నడుముకున్న చున్నీలు విప్పి తలమీద వేసుకుని కళ్ళు మూసుకున్నారు. గోలు ముందు ప్రసన్న అందరికంటే భక్తిగా నిలబడింది. ఆళ్ళగడ్డ పిల్ల ఒకతి అటూ ఇటూ చూసి, బంతిని మెల్లగా ఆమె పక్కనుంచి లోపలికి దొర్లించింది. హాస్టల్ వాళ్ళు ఇంకా ఆమేన్ కోసం ఎదురుచూస్తున్నారు. మైదానమంతా విరగబడి నవ్వింది.

కొండమ్మకు ఏడుపొచ్చింది. ఆ నవ్వు పిల్లల మీద కాదు, తన మీద పడ్డట్టనిపించింది.

సగం ఆటకు నిమ్మకాయ నీళ్ళు పోస్తూ అందర్నీ దగ్గరికి పిలిచింది. "ఇదో, వినండి. ఆట అయ్యేదాకా ఎవరు మోకరించినా కండ్లు మూయొద్దు."

"పాపం కాదా అవ్వా?" అంది ప్రసన్న.

"పాపమైతే నా మీద ఏసుకుంటాలే. నువ్వు బంతిని చూడు."

తర్వాత ఆట వేరు. హాస్టల్ పిల్లలు ఒక గోలు కొట్టి సమం చేశారు. బురద బంతి ఒకటి గీత దాటి వచ్చి కొండమ్మ కుచ్చిళ్ళ మీద దబ్బున తగిలితే, ఆమె పడబోయి నిలదొక్కుకుని నవ్వింది. ఆమె పళ్ళు పిల్లలు అప్పుడే చూశారు. ఆట ముగియబోతుండగా జెస్సికా బంతితో ఒంటరిగా గోలు మీదికి వచ్చింది. అదే క్షణంలో ప్రభుదాసు కుర్చీలోంచి దిగి, తన ఊరి జట్టు గెలవాలని కాబోలు, మోకరించి రెండు చేతులూ ఎత్తి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టాడు. ఆ గొంతు విని గీత వెంట నిలబడ్డ ఆడవాళ్ళు ముసుగులు లాక్కున్నారు. ప్రసన్న చేయి కూడా చున్నీ మీదికి పోయింది.

"ప్రసన్నా, బంతి!"

ముప్పై ఏళ్ళు గుసగుసగా బతికిన గొంతు అది. పెద్దాయన ప్రార్థన మధ్యలో తెగిపోయింది. ప్రసన్న కళ్ళు విప్పార్చి, బురదలో అడ్డంగా పడి, బంతిని పొట్టకు కరుచుకుంది. స్టీఫెన్ ఈల వేశాడు. ఆట సమం. హాస్టల్ పిల్లలు మాత్రం ప్రపంచాన్ని గెలిచినంత గోల చేశారు.

ప్రభుదాసు మోకాళ్ళ మట్టి దులుపుకుంటూ వచ్చాడు.

"ప్రార్థన జరుగుతాంటే కండ్లు మూయొద్దని పిల్లోల్లకు చెప్పినావంట. నిజమేనా?"

చెప్పలేదని ఒక్క మాటంటే గొడవ తీరిపోయేది. పిల్లలకు సరిగ్గా అర్థం కాలేదని నెట్టేసినా సరిపోయేది. "చెప్పినానయ్యా," అంది కొండమ్మ. "మల్లా ఆడినా అదే చెప్తా."

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. వ్యాను నంద్యాల చేరేసరికి కమిటీ మాట షాలిని ఫోనుకు వచ్చేసింది. ఈ సాయంత్రమే పంపించెయ్యమన్నారు. షాలిని చెబుతూ ఏడ్చింది. పోయి ఆయన కాళ్ళు పట్టుకుంటే సర్దుకుంటుందేమో అంది. కొండమ్మ తల అడ్డంగా ఊపింది. బురద చీర మార్చి వేరే తెల్లచీర కట్టుకుంది, విడిచినదాన్ని ఉతికి ఆరేసింది. ఉన్న రెండు మూడు బట్టలు సంచిలో పెట్టుకుంది. చెల్లెలు బండి ఆత్మకూరులో ఉంది, ఒక మూల చోటివ్వకపోదు.

పిల్లలు నీళ్ళగదిలో ఒకరి మీద ఒకరు చెంబులతో పోసుకుంటూ కేకలేస్తున్నారు. అందరికంటే పైన ప్రసన్న గొంతు. చెప్పిపోదామని కొండమ్మ తలుపు దాకా వెళ్ళింది. చెబితే ఆ కేకలు ఆగిపోతాయి. ఇవాళ అవి ఆగకూడదు. చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా గేటు దాటింది.

పెరట్లో తాడు మీద తెల్లచీర ఆరుతోంది. ఎంత రుద్దినా పోని బంతి అచ్చు కుచ్చిళ్ళ దగ్గర గుండ్రంగా, నల్లగా ఉంది.