జిగురు మీద చాడీ

షెల్టరులో పిల్లుల గది చూసుకునే ఆవిడను అందరూ బకెట్టక్క అనేవారు. చేతిలో బకెట్టు లేకుండా ఆవిడను చూసినవాళ్ళు లేరు మరి. పొద్దున్నే వచ్చి బోనులన్నీ కడిగి, ఇసుక తొట్లు మార్చి, గిన్నెల్లో మంచినీళ్ళు పోశాకే ఎవరితోనైనా నోరు విప్పేది. జనం వదిలేసిన పిల్లులూ కుక్కలూ ఉండే చోటు అది. పెంచుకోవాలనుకునేవాళ్ళు వచ్చి చూసి, నచ్చినదాన్ని ఇంటికి తీసుకుపోతారు. అలా వచ్చినవాళ్ళకు ఏ పిల్లి గుణం ఎలాంటిదో చెప్పడం కూడా బకెట్టక్క పనే. ఆవిడ మాటంటే అందరికీ గురి.

కిటికీ పక్క బోనులో ఒక బూడిదరంగు ఆడపిల్లి ఉండేది. ఇల్లు ఖాళీ చేసి పోతూ ఎవరో దాన్ని మెట్ల మీద వదిలేస్తే, పక్కింటివాళ్ళు తెచ్చి ఇచ్చారు. అంతటి మాలిమి పిల్లి ఆ గదిలో ఇంకోటి లేదు. తలుపు తీయడమే ఆలస్యం, చేతి మీదుగా పాకి భుజమెక్కి, మెడ చుట్టూ చుట్టుకుని గురగురలాడేది. దించబోతే జాకెట్టును గోళ్ళతో పట్టుకుని వేలాడేది. అందుకే దానికి జిగురని పేరు పెట్టారు.

బకెట్టక్క దాన్ని భుజాన వేసుకునే గదంతా ఊడ్చేది. ఇంటికి తీసుకుపోయే యోగం మాత్రం ఆమెకు లేదు. కూతురికి ఆయాసం. పిల్లి వెంట్రుక తగిలితే చాలు, ఆ పిల్ల ఊపిరి అందక నీలంగా మారిపోయేది. బకెట్టక్క షెల్టరులోనే స్నానం చేసి, చీర మార్చుకుని ఇంటికి పోయేది. అయినా కూతురు ముక్కు ఎగబీల్చి, "పిల్లి వాసనొస్తున్నావమ్మా, కొంచెం అవతల కూర్చో" అనేది. ఆ పిల్ల తప్పేం లేదు. మొగుడు లిఫ్టులు బాగుచేసే మనిషి, మంచివాడే, కానీ పలకరిస్తే పలుకుతాడు, లేకపోతే లేదు. దినమంతా ఆమె అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించే ప్రాణి ఏదైనా ఉందంటే అది జిగురు ఒక్కటే. అలాగని ఆమె నమ్మింది.

మొదటిసారి నోరు జారిందనే చెప్పాలి. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి వచ్చి జిగురు ముందు నిలబడింది. అమ్మాయి వేలు చువ్వల్లోకి పెడితే జిగురు దాని మీద బుగ్గ రుద్దింది. అది చూసి బకెట్టక్క బకెట్టు కింద పెట్టి దగ్గరికి వచ్చింది.

"అది రాత్రంతా అరుస్తుందమ్మా. మీకు నిద్రుండదు" అనేసింది.

వాళ్ళు ఇంకో పిల్లిని తీసుకుపోయారు. ఆ సాయంత్రం బస్సులో ఆమెకు సిగ్గేసింది. మర్నాడు జిగురు భుజమెక్కగానే ఆ సిగ్గు కాస్తా కరిగిపోయింది. తరువాత తరువాత అది అలవాటైంది. ఒకరికి ఇంట్లో మూలమూలనా తడుపుతుందని చెప్పింది, ఒకరికి చిన్నపిల్లలంటే పడదని చెప్పింది.

ఒకసారి బజారులో కళ్ళజోళ్ళ షాపు నడిపే ఆయన చెల్లెలిని వెంటబెట్టుకుని వచ్చాడు. మెట్ల మీద జారిపడి ఆమె కాలు విరిగింది. కాలి నిండా పిండికట్టు, చంకలో కర్ర.

"నేను షాపుకి పోతే ఇది ఒక్కతే ఇంట్లో పడుంటోంది. గోడలతో మాట్లాడుతోంది" అన్నాడాయన.

"మాట్లాడితే తప్పేంటన్నయ్యా, అవి నీకంటే నయంగా వింటాయి" అంది చెల్లెలు నవ్వుతూ. తరువాత బకెట్టక్క వైపు తిరిగి, "ఒళ్ళో కూర్చునే పిల్లి కావాలక్కా. నేనెటూ లేవలేను, దాన్నీ లేవనివ్వను" అంది.

ఆ మాట వింటూనే బకెట్టక్కకు తెలిసిపోయింది, ఇంతకు మించిన ఇల్లు జిగురుకు దొరకదని. తెలిసి కూడా అంది: "ఈ బూడిదరంగుది తప్ప ఏదైనా చూసుకోండమ్మా. అది కరుస్తుంది."

చువ్వల వెనక జిగురు వెల్లకిలా పడుకుని కాళ్ళు ఆడిస్తోంది. చెల్లెలు దాన్ని చాలాసేపు చూసింది. "అబ్బ, చూస్తే అలా లేదే" అని, అన్న చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. ఏ పిల్లినీ తీసుకోలేదు.

వానలు మొదలయ్యాక పిల్లుల గదిలోకి జబ్బు దిగింది. ఒకటి తుమ్మింది, రెండోరోజుకు పక్కది, వారం తిరిగేసరికి గదంతా చీమిడి ముక్కులే. ముసలి పిల్లి ఒకటి, తల్లి లేని కూనలు రెండు పోయాయి. జిగురు తిండి మానేసింది. కళ్ళు పుసులు కట్టి అతుక్కుపోయాయి. తలుపు తీస్తే లేచి రాబోయి, ఒరిగిపోయి, పడుకున్నచోటే గురగురలాడింది.

షెల్టరు నడిపే డాక్టరమ్మ సూది వేస్తూ, "ఇంత మాలిమి పిల్లిని ఎవరూ తీసుకోకపోవడమేంటక్కా? నాకు అర్థం కావట్లేదు. ఎవరింట్లోనైనా ఉండుంటే ఈ జబ్బే తగిలేది కాదు దీనికి" అంది.

బకెట్టక్క బకెట్టు తీసుకుని గబగబా బయటికి పోయి, పంపు కింద ముఖం పెట్టింది.

జిగురు బతికింది. ఎడమ కంట్లో మాత్రం పువ్వు వేసింది. ఆ కన్ను ఇక కనిపించదని డాక్టరమ్మ తేల్చేసింది. ఆ తరువాత వచ్చినవాళ్ళు దాని ముందు ఆగినా, ఆ తెల్లటి కన్ను చూడగానే పక్క బోనుకు నడిచేవారు. చాడీ చెప్పాల్సిన పనే లేకుండా పోయింది. జిగురు మాత్రం వచ్చిన ప్రతివాళ్ళకూ చువ్వల్లోంచి చెయ్యి చాపుతూనే ఉంది. ఆ చాపడం చూస్తూ బకెట్టక్క అన్నం సహించకుండా తిరిగింది.

చివరికి ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి కళ్ళజోళ్ళ షాపుకు పోయింది. ఆయన అద్దం తుడుస్తూ తలెత్తాడు. ఆమె కూర్చోకుండానే చెప్పేసింది.

"సార్, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. ఆ పిల్లి కరవదు. దాన్ని వదులుకోలేక అలా అన్నాను."

ఆయన కళ్ళజోడు పక్కన పెట్టాడు. "మా చెల్లెలు తిరుగుదారంతా ఏడ్చిందమ్మా. 'పిల్లులకి కూడా నేనంటే పడదన్నయ్యా' అని. అదేదో మాటవరసకి అందనుకున్నాను గానీ, మనసులో పెట్టుకుంది. ఇప్పుడు కట్టు విప్పేశారు, ఆఫీసుకి పోతోంది. ఇంట్లో ఎవరూ ఉండరు. ఇప్పుడొచ్చి చెబితే ఏం లాభం?"

ఆమె తలొంచుకుంది. "దానికి ఒక కన్ను కూడా పోయింది సార్."

"ఇదైనా నిజమేనా?" అన్నాడాయన. ఆ ప్రశ్నకు కోపగించుకునే హక్కు ఆమెకు లేకపోయింది.

అక్కణ్ణుంచి తిన్నగా డాక్టరమ్మ గదికి వెళ్ళి, ఆ జంట దగ్గర నుంచి మొదలుపెట్టి ఒక్కటీ దాచకుండా చెప్పింది. అన్నేళ్ళుగా నోరారా "నువ్వు" అని పిలిచే డాక్టరమ్మ, "రేపట్నుంచి మీరు కుక్కల వైపు చూడండి. పిల్లుల గదిలోకి రావద్దు" అంది. పొమ్మన్నా అంత నొప్పి పుట్టేది కాదేమో.

అన్న నోట సంగతి విని చెల్లెలు పట్టుబట్టడంతో, ఆ ఆదివారం అన్నాచెల్లెళ్ళిద్దరూ వచ్చారు. చెల్లెలు కొంచెం కుంటుతోంది. డాక్టరమ్మ బకెట్టక్కను పిలిపించింది. "మీరే చెప్పండి వీళ్ళకి. ఉన్నదున్నట్టు."

బకెట్టక్క గుమ్మం దాటకుండానే నిలబడి చెప్పింది. "దానికి ఎడమవైపు ఏమీ కనపడదమ్మా. రోజూ కంట్లో మందు వెయ్యాలి. చలికాలం మళ్ళీ తుమ్ములు రావచ్చు. ఒక్కదాన్నే వదిలేస్తే మాత్రం బెంగపెట్టుకుంటుంది, తిండి మానేస్తుంది."

జిగురు అప్పటికే చెల్లెలి ఒళ్ళో ముద్దలా పడుకుని ఉంది.

"నేను పొద్దున పోతే సాయంత్రమే వస్తానక్కా" అందా అమ్మాయి మెల్లగా.

బకెట్టక్క తల అడ్డంగా ఊపింది. "అయితే వద్దమ్మా. మీరు మంచివాళ్ళే. దానికి కుదరదు."

అన్న గోడకు ఆనుకుని ఇదంతా వింటున్నాడు. "షాపులో నేను రోజంతా ఖాళీగా చచ్చిపోతున్నానుగా" అన్నాడు విసుగ్గా. "వెనక గదుంది. అద్దాలు పగలగొడితే మాత్రం చెల్లెలని కూడా చూడను, ఇద్దరినీ గెంటేస్తాను."

మాట పూర్తికాకముందే జిగురు చెల్లెలి ఒళ్ళోంచి ఆయన చొక్కా పట్టుకుని భుజమెక్కింది. ఆయన కొయ్యబారిపోయాడు. అది ఆయన మెడ చుట్టూ చుట్టుకుని, బాగున్న కన్ను మూసి గురగుర మొదలుపెట్టింది. అచ్చం బకెట్టక్క భుజం మీద చుట్టుకున్నట్టే, అదే గురగుర.

బుట్టలో పెట్టి తీసుకుపోతుంటే బకెట్టక్క గేటు దాకా వెళ్ళింది. ముట్టుకోలేదు. జిగురు చెల్లెలి వేలిని నాకుతూనే ఉంది, ఇటు తిరగలేదు.

కంటి మందు కోసం వాళ్ళు వచ్చినప్పుడల్లా డాక్టరమ్మ కబుర్లు చెప్పేది. షాపుకొచ్చినవాళ్ళు జోడు పెట్టుకుని చూసుకుంటుంటే జిగురు ఒళ్ళోకి ఎక్కి కూర్చుంటోందట. వినడానికి సంతోషంగానే ఉండేది. కానీ అది తనను తలుచుకుంటోందా అని బకెట్టక్క ఎప్పుడూ అడగలేదు. కుక్కల గిన్నెలు తోముతూ ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేది. మింగేసి, ఇంకో గిన్నె అందుకునేది.