మూగతీగ మచ్చ

పొద్దున్నే ల్యాబ్ తాళం తీసి, గాజుసామాను కడిగి, తెల్లపూత పూసిన ప్లేటు మీద కషాయం చుక్క పెట్టడం నాగలతకు పళ్లు తోముకోవడమంత అలవాటైపోయింది. చుక్క పైకి పాకి మచ్చలుగా విడిపోతే ఆకులో మందు ఉన్నట్టు. మూగతీగ చుక్క పాకేది కాదు, విడిపోయేది కాదు. ప్లేటు తెల్లగా ఆమెను వెక్కిరిస్తూ ఉండేది.

మూగతీగ భద్రాచలం అవతలి గుట్టల మీద తప్ప ఎక్కడా మొలవదు. పుస్తకాల్లో దాని గురించి రెండు ముక్కలకు మించి లేదు. రోగి దగ్గరుంటేనే దాని ఆకులో, కాచిన కషాయంలో మందు ఊరుతుంది, లేకపోతే ఒట్టి నీళ్లే. అందుకే గుట్టల్లో ఎవరూ ఆకు ముందే కోసి దాచుకోరు, ఎవరికైనా జబ్బు చేస్తేనే కోసి మంచం పక్కకు తెస్తారు. ఈ సంగతి నాగలత పీహెచ్‌డీ చేస్తున్న ఖమ్మం కాలేజీలో కూడా అందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం? యూనివర్సిటీకి ప్లేటు మీద మచ్చ కావాలి.

పోనీ రోగినే తెద్దామని, జ్వరంతో ఉన్న కన్నమ్మ అనే కోయ ముసలామెను బతిమాలి బస్సెక్కించింది. ఆకుల సంచి ఒళ్లో పెట్టుకున్న కన్నమ్మ కొత్తగూడెం దాటాక రెండాకులు నమిలింది. ఖమ్మంలో దిగేసరికి జ్వరం లేదు.

"ఎందుకు తిన్నవవ్వా?" నాగలతకు ఏడుపొక్కటే తక్కువ.

"జరమొస్తే తినకుంటే ఏం జేస్తరు బిడ్డా? గీ ఆకు గందుకే గద!" అని కన్నమ్మ మిర్చిబజ్జీలు కొనిపించుకుని తిని, తిరుగు బస్సెక్కింది.

ఎండలకు తీగ మాడిపోయింది. చిన్న సీసాడు కషాయం మిగిలింది. రిజిస్ట్రేషన్ గడువు ఆ వారంతో సరి. ఇన్నేళ్లు ముళ్లు గుచ్చుకుంటూ గుట్టలెక్కినందుకు ఇదా ఫలితమని నాగలత తీగను నోరారా తిట్టుకుంది.

ఆ మధ్యాహ్నం గైడు ఆదినారాయణ సారు టీ గ్లాసుతో వచ్చి స్టూలు లాక్కున్నారు. ఆమె గడువు పెంచమని యూనివర్సిటీ చుట్టూ తిరిగింది ఈయనే. చెయ్యి వణికి టీ ప్యాంటు మీద తొణికింది.

"ఇయ్యాల గూడ ఏం రాకుంటే రద్దు కాయితం మీద సంతకం పెడతనమ్మా. తిట్టుకోకు."

ఆమె చుక్క పెట్టింది. చుక్క పాకింది. నేరేడుపండు రంగులో ఒక మచ్చ, దాని పైన ఇంకోటి.

"వచ్చిందమ్మా!" సారు చప్పట్లు కొట్టారు. "సీసా జల్దీ ప్యాక్ చెయ్, హైదరాబాద్‌ల మిషన్ మీద పరీక్షకు పంపుదాం. నువ్విగ డాక్టర్ నాగలతవే!"

నాగలత నవ్వబోయి ఆగిపోయింది. గదిలో ఉన్నది ఇద్దరే. సారు నవ్వు కూడా సగంలో ఆగింది.

"నీకు ఒంట్లో బాగనే ఉందా అమ్మా?"

"నేను బయటికి పోతా సార్. మీరు ప్లేటు చూస్తుండండి."

వరండా దాటి సైకిల్ స్టాండ్ దాకా నడిచింది. రోగం తనకే ఉండాలనీ కోరుకోలేకపోయింది, సారుకు ఉండాలనీ కోరుకోలేకపోయింది.

కిటికీలోంచి సారు సంబరంగా కేకేశారు. "ఉందమ్మా! ఇంకా ఉంది!"

అన్నాక, కిటికీ చువ్వ పట్టుకుని మెల్లగా స్టూలు మీద కూర్చున్నారు.

ఆమె తిరిగొచ్చేసరికి ఆయన ప్లేటు వైపే చూస్తూ కూర్చున్నారు. టీ చల్లారిపోయింది. నాగలత సీసా అందుకుంది. తీగ మీద, సారు మీద, తన మీద కోపం ముంచుకొచ్చింది. బిరడా పళ్లతో పీకి, సీసా మొత్తం టీలో వంచింది.

"పిచ్చిదానా, అది నీ డిగ్రీ గద," అన్నారు సారు.

"తాగండి సార్."

చేదుకు మొహం చిట్లించుకుంటూ తాగారు. మచ్చలు ఒక్కొక్కటే వెలిసిపోయి ప్లేటు మళ్లీ తెల్లబడింది.

"లేని మచ్చ ఉందని రాయలేను గదమ్మా," అని ఆయన పెన్ను తీసి, రద్దు కాయితం మీద సంతకం పెట్టారు. చెయ్యి వణకలేదు.